రియాలిటీ టెలివిజన్ - డీజిల్ ట్రక్కు ఔత్సాహికుల ప్రతిబింబం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలో డీజిల్ పికప్ ట్రక్కులను అభిరుచితో మార్పులు చేసి నడిపేవారి గురించి సమాజంలో రెండు విరుద్ధ ప్రతిబింబాలు ఉన్నాయి. నల్లపొగ వదిలి దారినపోయేవారిని వేధించే ఆకతాయిలుగా వార్తామాధ్యమాలు వారిని చూపాయి. కష్టపడే, నవ్వించే, నలుగురికీ సాయపడే అన్నదమ్ముల్లాంటి మిత్రులుగా రియాలిటీ టెలివిజన్ చూపింది. 2016లో డిస్కవరీ ఛానెల్లో మొదలైన 'డీజిల్ బ్రదర్స్' కార్యక్రమాన్ని, దానిలోని ప్రధాన వ్యక్తులపై యూటా రాష్ట్రంలో నడిచిన వాయుకాలుష్య వ్యాజ్యాన్ని పక్కపక్కన ఉంచి ఈ రెండు ప్రతిబింబాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రెండు ప్రతిబింబాలూ కంటికి కనిపించే పొగ చుట్టూనే అల్లుకున్నాయని, చట్టానికీ ప్రజారోగ్యానికీ ముఖ్యమైన కనిపించని కాలుష్యం రెండింటిలోనూ మరుగున పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రియాలిటీ టెలివిజన్, డీజిల్ పికప్, ప్రతిబింబం, నల్లపొగ, స్వచ్ఛవాయు చట్టం, యూటా.

1. ప్రవేశిక:

రియాలిటీ టెలివిజన్ అనగానే తెలుగు పాఠకులకు 2017లో తెలుగులో మొదలైన 'బిగ్ బాస్' వంటి పోటీ కార్యక్రమాలు స్ఫురిస్తాయి. కొందరిని ఒక ఇంట్లో ఉంచి, వారి మాటలనూ తగవులనూ చిత్రీకరించి చూపడం ఆ తరహా కార్యక్రమాల పద్ధతి. ఇదే ప్రక్రియలో మరొక శాఖ ఉంది. అది ఒక వృత్తినో, ఒక అభిరుచినో పట్టుకుని, దానిని ఆచరించే చోటికే కెమెరాను తీసుకువెళుతుంది. చేపలు పట్టేవారు, పాత సామాను కొనేవారు, మోటారు సైకిళ్లు తయారుచేసేవారు ఈ శాఖలో కథానాయకులవుతారు.

ఈ రెండవ శాఖ ఒక ప్రత్యేకమైన ప్రశ్నను ముందుకు తెస్తుంది. పోటీ కార్యక్రమంలో పాల్గొన్న వ్యక్తి మంచి అయినా చెడు అయినా అతనికే చెందుతుంది. వృత్తి కార్యక్రమంలో కనిపించే వ్యక్తి మాత్రం తెలియకుండానే ఒక సమూహానికి ప్రతినిధి అవుతాడు. ఆ సమూహంతో ఎన్నడూ పరిచయం లేని కోట్లమంది ప్రేక్షకులు అతని ద్వారానే దానిని అంచనా వేస్తారు. ఆ ప్రాతినిధ్యం ఎలా నిర్మితమవుతుంది, అది దేన్ని చూపి దేన్ని విడిచిపెడుతుంది అన్నవి మాధ్యమాల అధ్యయనంలో కీలకమైన ప్రశ్నలు. అమెరికాలోని డీజిల్ ట్రక్కు ఔత్సాహికుల ఉదాహరణ ఈ ప్రశ్నలను చర్చించడానికి అనువైనది. ఇక్కడ తెరమీది చిత్రంతో పోల్చి చూసుకోవడానికి న్యాయస్థానపు నిర్ధారణలు కూడా లభిస్తున్నాయి.

2. డీజిల్ పికప్ - పనిముట్టు నుంచి అభిరుచి వరకు:

మనం ట్రక్కు అంటే సరుకుల లారీ అనుకుంటాం. అమెరికా వాడుకలో ఆ మాట ఎక్కువగా పికప్ వాహనాన్ని సూచిస్తుంది. ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనుక పైకప్పు లేని తొట్టి దాని రూపం. వీటిలో బరువైన రకాలకు డీజిల్ ఇంజన్లు అమరుస్తారు. 1989 నమూనా నుంచి డాడ్జ్ సంస్థ తన పికప్‌లలో కమిన్స్ ఇంజన్‌ను వాడింది. ఫోర్డ్ సంస్థ 'పవర్ స్ట్రోక్', జనరల్ మోటార్స్ సంస్థ 'డ్యూరామాక్స్' పేర్లతో తమ డీజిల్ ఇంజన్లను ప్రవేశపెట్టాయి. గుర్రాలనూ పశువులనూ తరలించే ట్రెయిలర్లు లాగడం, నిర్మాణ సామగ్రి మోయడం, పొలం పనులు చేయడం ఈ వాహనాల అసలు ప్రయోజనం. కనుక వీటిపై మమకారం ముందుగా జీవనోపాధి నుంచి పుట్టింది.

డీజిల్ ఇంజన్‌లోకి వెళ్లే ఇంధనాన్నీ గాలినీ పెంచితే దాని శక్తి గణనీయంగా పెరుగుతుంది. ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరులోని ఆజ్ఞలను మార్చితే చాలావరకు ఈ పని జరిగిపోతుంది. దీనిని ఔత్సాహికులు 'ట్యూనింగ్' అంటారు. బరువైన బండను ట్రాక్టర్లతో, పికప్‌లతో లాగించే పోటీలు అమెరికా గ్రామసీమల్లో చిరకాలంగా ఉన్నాయి. జాతీయ ట్రాక్టరు పోటీదారుల సంఘం 1969లోనే ఏర్పడింది. ఆ పోటీల్లో ఇంజన్ నుంచి ఎగసే నల్లపొగ ప్రేక్షకులకు బలప్రదర్శనగా కనిపించేది.

ఈ నేపథ్యంలో ఉద్గార నియమాలు కఠినమయ్యాయి. 2007 నుంచి మసిని పట్టి ఉంచే వడపోత పరికరాలు, 2010 ప్రాంతం నుంచి యూరియా ద్రావణంతో నత్రజని ఆక్సైడులను తగ్గించే పరికరాలు డీజిల్ వాహనాల్లో సాధారణమయ్యాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోకి వచ్చాక తెలుగు రాష్ట్రాల రహదారుల మీద తిరిగే కొత్త లారీల్లోనూ డీజిల్ ట్యాంకుతోపాటు యూరియా ద్రావణానికి వేరొక ట్యాంకు కనిపిస్తోంది. రెండు చోట్లా సాంకేతిక సూత్రం ఒకటే.

అమెరికాలో ఈ పరికరాలపై వాహన యజమానులకు ఉన్న అసంతృప్తి పూర్తిగా కల్పితం కాదు. వడపోత పూడుకుపోవడం, సెన్సార్లు పాడవడం, మరమ్మతు ఖర్చు అధికంగా ఉండడం ట్రక్కుతోనే బతుకుదెరువు సాగించేవారికి భారమయ్యాయి. పరికరాలను పూర్తిగా తొలగించి, అవి లేవన్న సంగతి కంప్యూటరు గుర్తించకుండా చేసే సామగ్రి విపణిలోకి వచ్చింది. ఈ పనికి వారి వాడుకలో 'డిలీట్' అని పేరు. అమెరికా స్వచ్ఛవాయు చట్టం ప్రకారం ఇలా తొలగించడమూ, తొలగింపుకు పనికివచ్చే సామగ్రిని అమ్మడమూ నిషిద్ధం. అంటే పనివాడి అవసరం, ఔత్సాహికుడి సరదా, చట్ట ఉల్లంఘన అనే మూడూ ఒకే వర్క్‌షాపులో కలుసుకున్నాయి. వీరి ప్రతిబింబం చుట్టూ సాగిన వివాదానికి మూలం ఈ కలయికలోనే ఉంది.

3. వార్తామాధ్యమాల్లో నల్లపొగ:

కావాలని అధిక ఇంధనాన్ని పంపి దట్టమైన నల్లపొగ వదలడాన్ని 'రోలింగ్ కోల్' అంటారు. 2014 నుంచి ఈ చేష్ట అమెరికా వార్తల్లో విరివిగా చోటుచేసుకుంది. హైబ్రిడ్ కార్ల వెనుక, సైకిళ్ల పక్కన, పాదచారుల ముందు పొగ వదిలి, దాన్ని చిత్రీకరించి ప్రచారం చేసుకోవడం ఆ వార్తల్లోని ప్రధానాంశం. పర్యావరణ నియమాలపై రాజకీయ నిరసనగా కొందరు ఈ చేష్టను సమర్థించుకున్నారు. న్యూజెర్సీ రాష్ట్రం 2015లో, కొలరాడో, మేరీల్యాండ్ రాష్ట్రాలు 2017లో దీనిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. 2021 సెప్టెంబరులో టెక్సస్ రాష్ట్రంలో ఒక పికప్ ఢీకొని ఆరుగురు సైక్లిస్టులు గాయపడ్డారు. అంతకుముందు ఆ వాహనం తమ బృందంపై పొగ వదిలిందని తోటి సైక్లిస్టులు చెప్పడంతో ఆ ఘటన ఈ చేష్టపై ఆగ్రహాన్ని మరింత పెంచింది.

విద్యారంగంలోనూ దీనిపై చర్చ జరిగింది. కారా డాగెట్ 2018లో ప్రచురించిన వ్యాసంలో శిలాజ ఇంధనాల వినియోగానికీ, ఆధిపత్యం కోల్పోతున్నామన్న పురుషుల ఆందోళనకూ ఉన్న సంబంధాన్ని వివరించారు. నల్లపొగ వదలడాన్ని ఆ మనస్తత్వానికి ఒక వ్యక్తీకరణగా ఆమె పరిగణించారు. ఈ విశ్లేషణ ఆ చేష్టను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. అయితే వార్తల ద్వారా అది జనసామాన్యంలోకి చేరేటప్పటికి చేష్టకూ సమూహానికీ మధ్య ఉన్న గీత చెరిగిపోయింది. డీజిల్ పికప్ నడిపే ప్రతి వ్యక్తీ పొగ వదిలేవాడే అన్న భావన స్థిరపడింది.

సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ 1972లో బ్రిటన్ యువజన బృందాలపై రాసిన గ్రంథంలో ఇటువంటి ప్రక్రియను వర్ణించారు. నిజంగా జరిగిన కొన్ని ఘటనలను మాధ్యమాలు పదేపదే చూపుతాయి. ఒక వేషం, ఒక వాహనం, ఒక పేరు దుష్టత్వానికి గుర్తులవుతాయి. ఆపై ఆ గుర్తు కలవారందరినీ సమాజం అనుమానంతో చూస్తుంది. ఇక్కడ ఎత్తుపెంచిన పికప్, నల్లపొగ అటువంటి గుర్తులయ్యాయి. ఘటనలు అసత్యాలు కావు. వాటివల్ల కలిగే హానీ అసత్యం కాదు. ఆ ఘటనల నుంచి సమూహం మొత్తానికి చేసిన సాధారణీకరణను మాత్రం పరిశోధకులు విడిగా చూడవలసి ఉంటుంది.

4. వర్క్‌షాపు కార్యక్రమాల కథనరీతి:

ఈ ప్రతికూల బింబానికి ఎదురుగా నిలిచిన అనుకూల బింబాన్ని అర్థం చేసుకోవాలంటే, దానిని తయారుచేసిన ప్రక్రియ లక్షణాలు తెలియాలి. డిస్కవరీ ఛానెల్ 2002లో 'మాన్‌స్టర్ గ్యారేజ్', ఆ తరువాత 'అమెరికన్ చాపర్' కార్యక్రమాలను ప్రసారం చేసింది. వీటి ద్వారా వర్క్‌షాపు కార్యక్రమానికి ఒక కథనచట్రం ఏర్పడింది. మొదట ఒక అసాధ్యంగా తోచే వాహన నిర్మాణం. దానికి ఒక గడువు. మధ్యలో విడిభాగం అమరకపోవడం, పనివారి మధ్య మాటపట్టింపు. చివర పరదా తొలగించి వాహనాన్ని ఆవిష్కరించడం. చూసినవారి ఆనందంతో కథ సమాప్తం.

ఈ చట్రంలో మూడు లక్షణాలు గమనించదగినవి. మొదటిది, శ్రమ పట్ల గౌరవం. చేతికి నూనె అంటించుకుని పనిచేసేవారిని నాయకులుగా నిలపడం టెలివిజన్‌లో అరుదు కనుక, ఈ కార్యక్రమాలు శ్రామికవర్గ ప్రేక్షకులకు ఆత్మగౌరవాన్ని ఇచ్చాయి. రెండవది, సమస్య అంతా వర్క్‌షాపు గోడల లోపలే పుట్టి లోపలే పరిష్కారం కావడం. మూడవది, ఆవిష్కరణతోనే కథ ముగియడం. ఆ వాహనం తరువాత ఎక్కడ తిరుగుతుంది, దాని పొగ ఎవరు పీలుస్తారు, అది చట్టబద్ధమేనా అన్న ప్రశ్నలు ఆవిష్కరణ తరువాతి కాలానికి చెందినవి. కథ అంతకుముందే ముగుస్తుంది కనుక ఆ ప్రశ్నలకు చోటు దొరకదు. దీనికి ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. కథ నిర్మాణమే ఆ మినహాయింపును చేస్తుంది.

రియాలిటీ టెలివిజన్‌లో చూపబడటమే ఒక రకమైన శ్రమ అని మార్క్ ఆండ్రెయెవిక్ 2004లో తన గ్రంథంలో వాదించారు. వర్క్‌షాపు కార్యక్రమాల్లో ఈ శ్రమ రెండింతలు. అక్కడివారు వాహనాన్ని నిర్మిస్తూనే తమ వ్యక్తిత్వాలను కూడా నిర్మించి చూపాలి. ఆ వ్యక్తిత్వమే తరువాత వ్యాపారానికి పెట్టుబడి అవుతుంది.

5. 'డీజిల్ బ్రదర్స్' నిర్మించిన బింబం:

2016 జనవరిలో డిస్కవరీ ఛానెల్లో 'డీజిల్ బ్రదర్స్' ప్రారంభమైంది. యూటా రాష్ట్రంలోని డేవిస్ కౌంటీ ప్రాంతంలో పనిచేసే డేవిడ్ స్పార్క్స్, డేవిడ్ కైలీ దీనిలో ప్రధాన వ్యక్తులు. 'హెవీ డి', 'డీజిల్ డేవ్' అన్నవి వారి ప్రసిద్ధ నామాలు. పేరులో సోదరులన్న మాట ఉన్నా వీరు తోడబుట్టినవారు కారు, మిత్రులు. ఈ పేరే కార్యక్రమ దృక్పథాన్ని తెలుపుతుంది. డీజిల్ అభిరుచి ఇక్కడ ఒక కుటుంబబంధంగా రూపొందింది.

పాత ట్రక్కులను కొని, వాటిని భారీగా మార్చి, అమ్మడం లేదా బహుమతిగా ఇవ్వడం కార్యక్రమంలోని ప్రధాన వ్యాపారం. మధ్యమధ్యలో ఒకరినొకరు ఆటపట్టించుకోవడం, సాహసకృత్యాలు, ప్రమాదకరమైన విన్యాసాలు ఉంటాయి. దుస్తులు మొదలైన వస్తువులు కొన్నవారికి ట్రక్కు గెలుచుకునే అవకాశం కల్పించే బహుమతి పథకాలు ఈ వ్యాపారానికి మరొక ముఖ్యాంగం. ఈ విధంగా ప్రేక్షకుడు చూసేవాడిగానే మిగలక కొనుగోలుదారు అయ్యాడు. అదృష్టం కలిసివస్తే ట్రక్కు యజమాని కూడా కాగలడు.

వీరు నిర్మించిన ఒక వాహనం పేరు ఈ బింబనిర్మాణానికి మంచి నిదర్శనం. అవసరం లేకపోయినా ఎత్తు పెంచి, పెద్ద చక్రాలు తొడిగిన పికప్‌లనూ వాటిని నడిపే యువకులనూ ఎగతాళి చేయడానికి అమెరికా వాడుకలో 'బ్రోడోజర్' అన్న పదం ఉంది. నేస్తం అనే అర్థం గల పదానికి బుల్డోజర్‌ను జోడించి చేసిన వెక్కిరింత అది. 'డీజిల్ బ్రదర్స్' ఆ పేరునే తమ వాహనానికి పెట్టుకుని, డీజిల్ ఇంజన్‌తో నడిచే భారీ ప్రదర్శన వాహనాన్ని 2018లో 'మాన్‌స్టర్ జామ్' పోటీల్లో దించారు. తమపై విసిరిన తిట్టును బిరుదుగా మార్చుకోవడం అవమానితులైన సమూహాలు అనుసరించే ఒక ప్రసిద్ధమైన మార్గం. దానివల్ల తిట్టులోని పదును పోయింది. అయితే ఆ తిట్టు వెనుక ఉన్న విమర్శకు సమాధానం రాలేదు. అది నవ్వులో కలిసిపోయింది.

ఈ కార్యక్రమం సాధించిన మేలును కూడా గుర్తించాలి. గ్రామీణ, శ్రామిక నేపథ్యం గల ఔత్సాహికులు తమను వార్తల్లో దోషులుగానే చూసుకుంటున్న కాలంలో, తమ నైపుణ్యాన్నీ హాస్యాన్నీ ఉదారతనూ తెరపై చూసుకోగలిగారు. ఆ తృప్తి నిజమైనది. దానికి చెల్లించిన మూల్యం ఏమిటన్నది తరువాతి చర్చ.

6. న్యాయస్థానం ముందు నిలిచిన బింబం:

యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ, దాని ఉత్తర దక్షిణాల్లోని పట్టణాలు ఉన్న ప్రాంతాన్ని వాసాచ్ ఫ్రంట్ అంటారు. తూర్పున ఎత్తైన పర్వతాలు ఉండడం వల్ల శీతకాలంలో చల్లని గాలి లోయలో చిక్కుకుని, దానిపై వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. కాలుష్యం పైకి పోయే దారి లేక రోజుల తరబడి లోయలోనే పేరుకుంటుంది. డేవిస్ కౌంటీ ఈ ప్రాంతంలో భాగమే. అంటే దేశమంతటా వినోదంగా ప్రసారమైన ఆ వర్క్‌షాపు, వాహనాల పొగ విషయంలో అత్యంత సున్నితమైన ప్రాంతాల్లో ఒకటైన చోట ఉంది.

ఆరోగ్యకర పర్యావరణం కోసం ఏర్పడిన యూటా వైద్యుల సంఘం 2017 జనవరిలో కార్యక్రమంలోని ప్రధాన వ్యక్తులపైనా వారి సంస్థలపైనా ఫెడరల్ న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. ప్రభుత్వం కదలకపోయినా పౌరులే వ్యాజ్యం వేసే హక్కును స్వచ్ఛవాయు చట్టం కల్పిస్తుంది. ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించారని, అలా తొలగించిన ట్రక్కులనూ తొలగింపు సామగ్రినీ అమ్మారని వాదుల ఆరోపణ. వారు విక్రయించిన ఒక ట్రక్కును వాదులు కొని పరీక్ష చేయించారు. పరికరాలు సక్రమంగా ఉన్న అదే రకం ట్రక్కుతో పోలిస్తే సూక్ష్మకణాలు 21 రెట్లు, ఇతర కాలుష్యం 36 రెట్లు అధికంగా వెలువడినట్లు తేలిందని వారు తెలిపారు.

2020 మార్చిలో న్యాయమూర్తి రాబర్ట్ షెల్బీ ప్రతివాదులు సుమారు 8 లక్షల 50 వేల డాలర్లు చెల్లించాలని తీర్పునిచ్చారు. అందులో 90 వేల డాలర్లను డేవిస్ కౌంటీలో పాడైన ఉద్గార పరికరాలను బాగుచేయించే కార్యక్రమానికి కేటాయించారు. ప్రతివాదులు అప్పీలు చేశారు. 2021 డిసెంబరులో పదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం బాధ్యతను చాలావరకు సమర్థించింది. అయితే వాసాచ్ ఫ్రంట్ గాలికి సంబంధం లేని ఉల్లంఘనలపై వ్యాజ్యం వేసే అర్హత వాదులకు లేదంటూ, జరిమానాను తిరిగి లెక్కించమని కింది న్యాయస్థానానికి పంపింది.

ఈ తీర్పుల్లో ఒక పద్ధతిని గమనించాలి. ప్రతివాదులు దుష్టులా, సరదా మనుషులా అన్న ప్రశ్నను న్యాయస్థానం వేసుకోలేదు. ఏ వాహనం నుంచి ఏ పరికరాన్ని తీశారు, దాన్ని ఎవరికి అమ్మారు, ఆ వాహనం ఏ గాలిలో తిరిగింది అన్నవే దాని ప్రశ్నలు. వార్తలు ఔత్సాహికుల స్వభావాన్ని నిందించాయి. టెలివిజన్ అదే స్వభావాన్ని మెచ్చుకుంది. న్యాయస్థానం స్వభావాన్ని పక్కనపెట్టి చర్యలను లెక్కించింది. మొదటి రెండు మాధ్యమాల్లోనూ లోపించింది ఈ లెక్కే.

7. కెమెరాకు అందని కాలుష్యం:

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 నవంబరులో ఒక అంచనాను వెలువరించింది. అంతకుముందు దశాబ్దంలో 5 లక్షల 50 వేలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి ఉద్గార పరికరాలు తొలగించబడ్డాయని దాని సారాంశం. ఉద్గార పరికరాలతో ధ్రువీకరణ పొందిన ఆ తరగతి డీజిల్ ట్రక్కుల్లో ఇది సుమారు 15 శాతం. ఈ వాహనాలు తమ జీవితకాలంలో అదనంగా 5 లక్షల 70 వేల టన్నుల నత్రజని ఆక్సైడులను, 5 వేల టన్నుల సూక్ష్మకణాలను వదులుతాయని ఆ సంస్థ లెక్కగట్టింది. దీని ప్రభావం రహదారులపై 90 లక్షలకు పైగా అదనపు ట్రక్కులను చేర్చడంతో సమానమని పేర్కొంది.

ఈ అంకెలను మన చర్చతో కలిపి చదివితే రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, బరువు రీత్యా నత్రజని ఆక్సైడులు సూక్ష్మకణాలకు నూరు రెట్లకు పైగా ఉన్నాయి. నల్లపొగ అంటే పూర్తిగా కాలని ఇంధనపు మసి. అది కంటికి కనిపిస్తుంది. నత్రజని ఆక్సైడులు పొగగొట్టం నుంచి కనిపించకుండా వెలువడతాయి. వాసాచ్ ఫ్రంట్ శీతకాలపు గాలిలో ఇవే రసాయనచర్యల వల్ల అమ్మోనియం నైట్రేట్ అనే సూక్ష్మకణాలుగా మారి ఊపిరితిత్తులకు చేరతాయి. పొగ కనిపించని ట్రక్కు కూడా పరికరాలు తొలగించినదైతే ఈ హాని చేయగలదు. నల్లపొగను ఖండించిన వార్తాచిత్రమూ, దాన్ని వినోదంగా చూపే దృశ్యమూ ఈ విషయాన్ని చెప్పలేవు. రెండింటికీ దృశ్యమే ఆధారం. ఈ కాలుష్యానికి దృశ్యరూపం లేదు.

రెండవది, 15 శాతం అన్న అంకె తక్కువేమీ కాదు. అదే సమయంలో మిగిలిన సుమారు 85 శాతం ఈ అంచనా పరిధిలోకి రాలేదన్న సంగతినీ అది తెలుపుతుంది. డీజిల్ పికప్ అంటేనే చట్ట ఉల్లంఘన అన్న వార్తాబింబాన్ని ఈ అంకె సవరిస్తుంది. ఇదంతా నిరపాయమైన సరదా అన్న టెలివిజన్ బింబాన్ని కూడా ఇదే అంకె తోసిపుచ్చుతుంది.

8. సమూహంలోని అంతర్భేదాలు:

ఔత్సాహికుల సమూహం ఏకరూపం కాదు. ట్రెయిలర్లు లాగి సంపాదించేవారికి ఇంజన్ మన్నిక ముఖ్యం. పోటీదారులకు శక్తి ముఖ్యం. ప్రదర్శన వాహనాలు చేసేవారికి రూపం ముఖ్యం. పొగ కోసమే పొగ వదిలేవారు వీరందరిలో ఒక భాగం మాత్రమే. దట్టమైన నల్లపొగ అంటే ఇంధనం వృథా అవుతున్నట్లే కనుక, అది లోపభూయిష్ఠమైన ట్యూనింగ్‌కు గుర్తని భావించే నిపుణులు ఈ సమూహంలోనే ఉన్నారు. తమ అభిరుచికి చెడ్డపేరు తెచ్చేది ఆ చేష్టేనన్న అసహనం కూడా వారి మధ్య ఉంది.

చట్టాన్ని మార్చాలని కోరేవారి వాదనకూ ఒక స్పష్టమైన రూపం ఉంది. రహదారి వాహనాన్ని పూర్తిగా పోటీలకే మార్చుకున్నప్పుడు ఉద్గార నియమాలు వర్తించరాదని కోరుతూ 2016 నుంచి అమెరికా కాంగ్రెసులో ఒక బిల్లు పలుమార్లు ప్రవేశపెట్టబడింది. వాహన విడిభాగాల వ్యాపార సంఘం దానిని సమర్థించింది. 'పోటీలకు మాత్రమే' అన్న ముద్రతో అమ్మిన సామగ్రి రహదారి వాహనాలకు చేరుతుందని పర్యావరణ పక్షం అభ్యంతరం తెలిపింది. ఇది నిజమైన విధానచర్చ. మరమ్మతు ఖర్చులు, పోటీల భవిష్యత్తు, లోయలోని పిల్లల ఊపిరి అన్నీ ఇందులో ఉన్నాయి. ఆకతాయి బింబంతోగానీ సోదర బింబంతోగానీ ఈ చర్చ సాగదు. మొదటిది ఎదుటివారి కష్టాన్ని విననివ్వదు. రెండవది తమ చర్య ఫలితాన్ని చూడనివ్వదు.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు. రియాలిటీ టెలివిజన్ డీజిల్ ట్రక్కు ఔత్సాహికులకు, వార్తల్లో కోల్పోయిన మానవీయతను కొంతమేరకు తిరిగి ఇచ్చింది. అయితే ఆవిష్కరణతో ముగిసే కథనచట్రం వల్ల వాహనపు తరువాతి జీవితాన్ని వదిలివేసింది. ఆ విడిచిన భాగమే వ్యాజ్యంగా న్యాయస్థానం ముందుకు వచ్చింది. సమూహానికి ప్రతినిధులుగా ఎదిగిన వ్యక్తులే చట్టం ముందు బాధ్యులుగా తేలడంతో, టెలివిజన్ సంపాదించిపెట్టిన మంచిపేరు సమూహానికి నిలకడైన రక్షణ కాలేకపోయింది. తాము ఎన్నుకోని ప్రతినిధుల ఖ్యాతిలో ఏ వాటా లేని సామాన్య యజమానులు సైతం వారి అపఖ్యాతిలో పాలుపంచుకోవలసి వచ్చింది.

వృత్తులను, అభిరుచులను చూపే రియాలిటీ కార్యక్రమాలపై పరిశోధించేవారు తెరమీది బింబం అనుకూలమా ప్రతికూలమా అన్న ప్రశ్న వద్ద ఆగిపోరాదు. కథ ఎక్కడ ముగుస్తోంది, ముగిసిన తరువాత ఏం జరుగుతోంది, దాని భారం ఎవరిపై పడుతోంది అని అడగాలి. వీటికి సమాధానాలు కార్యక్రమంలో దొరకవు. న్యాయస్థానపు తీర్పులు, ప్రభుత్వ నివేదికలు, ఆ ప్రాంతపు భౌగోళిక పరిస్థితులు, సమూహంలోని సామాన్యుల మాటలు పక్కన ఉంచుకుని చదివినప్పుడే అవి లభిస్తాయి. మన భాషలోనూ వృత్తిజీవనాన్ని చిత్రించే దృశ్య కార్యక్రమాలు పెరుగుతున్నందున, ఈ అధ్యయనపద్ధతి తెలుగు మాధ్యమ పరిశోధనకు కూడా ఉపకరిస్తుంది.